లంద దగ్గరి రసాయనశాస్త్రం

కర్బన రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్ గురించి అధ్యాపకులు ఒక మాట తరచుగా అంటుంటారు. పుస్తకం చదివితే సమీకరణం వస్తుంది గానీ చెయ్యి రాదు అని. ద్రావణాన్ని ఎంత వేడి చెయ్యాలి, ఎప్పుడు మంట తీసెయ్యాలి, ఎంత నిదానంగా చల్లారిస్తే స్ఫటికాలు శుభ్రంగా వస్తాయి, మారిన రంగును ఎంతవరకు నమ్మాలి? ఇవన్నీ చేసి, చెడగొట్టి, మళ్ళీ చేస్తేనే వస్తాయి. నేర్పు, వివేచన అంటే ఇవే. అయితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కాలేజీలు రాకముందు ఈ నేర్పు ఎవరికీ లేదా? ఉండేది. ఊరి బయట, మాదిగల లంద దగ్గర ఉండేది. అది విజ్ఞానశాస్త్ర చరిత్రలోకి ఎందుకు ఎక్కలేదన్నదే మా ప్రశ్న.

ముందు పనిని చూద్దాం. చచ్చిన గొడ్డు తోలు కొన్ని రోజుల్లో కుళ్ళిపోతుంది. దాన్ని ఏళ్ళ తరబడి నిలిచే వస్తువుగా మార్చడమే పదును చెయ్యడం. మొదట తోలును కడిగి సున్నం నీళ్ళలో నానేస్తారు. సున్నపు క్షారం వెంట్రుక కుదుళ్ళను వదులు చేస్తుంది, తోలులోని కొల్లాజెన్ పోగులను ఉబ్బిస్తుంది. సున్నం చాలకపోతే వెంట్రుక ఊడదు, తర్వాత చెక్క రసం లోపలికి దిగదు. ఎక్కువైతే పోగులు సడలి తోలు బూజుగుడ్డలా అయిపోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో చెప్పడానికి గడియారం లేదు, పీహెచ్ కాగితం లేదు. ఎండను బట్టి, చలిని బట్టి, సున్నం పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. వెంట్రుకను వేళ్ళతో లాగి చూసి, తోలు మందాన్ని ఒత్తి చూసి తేల్చుకోవాల్సిందే.

తర్వాత తంగేడు చెక్క. తోలును సంచిలా కుట్టి, చెక్క, నీళ్ళు నింపి వేలాడదీసే పద్ధతి తెలుగునాట ఉండేది. రసం చుక్కలు చుక్కలుగా తోలు గుండా దిగేది. ఇక్కడ ఒక సూత్రం ఉంది. మొదట పలచటి పాత రసం, తర్వాత చిక్కటి కొత్త రసం. మొదటే చిక్కటి రసం పోస్తే పైపొర బిగుసుకుపోతుంది, టానిన్ లోపలికి పోదు, నడిమధ్య పచ్చిగానే ఉండి తర్వాత కుళ్ళుతుంది. కాబట్టి పని ముగిసిందా లేదా తెలియాలంటే మందమైన చోట కోసి అంచు చూడాలి. మధ్యలో లేత చార కనిపిస్తే ఇంకా కాలేదని అర్థం. ఇవాళ ప్రయోగశాలలో ఇదే ముక్కను ఎసిటిక్ ఆమ్లంలో వేస్తారు. పదునెక్కని భాగం ఉబ్బి పారదర్శకమవుతుంది. పరికరం మారింది, అడిగే ప్రశ్న మారలేదు.

తంగేడు ఒక్కటే చాలదు. దానిలోవి సంఘనిత టానిన్లు, వాటితో పదునైన తోలు వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడుతుంది. అందుకే చివర కరక్కాయ రసం పట్టించేవాళ్ళు. కరక్కాయలోవి జలవిశ్లేషణ చెందే టానిన్లు. రెండింటి కషాయాల్లో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే తంగేడుది ఆకుపచ్చ నలుపుకు, కరక్కాయది నీలి నలుపుకు తిరుగుతుంది. ఈ తేడాకు పేర్లు పెట్టకముందే, ఏది ముందు ఏది వెనక అని తేల్చుకున్న చేతులున్నాయి. ఆ చేతుల పేర్లు మనకు తెలియవు.

ఇది ఊరికి అక్కరలేని పనేమీ కాదు. వానలు తక్కువైన ఈ నేల మీద బావి నీళ్ళే సేద్యానికి ఆధారం. బావి నుంచి నీళ్ళు పైకి తెచ్చింది కపిల బాన, ఆ బాన తోలుదే. పంట పండించిన రైతు చరిత్రకు ఎక్కాడు. బాన కుట్టినవాడు, ఆ తోలును పదును చేసిన మనిషి, పక్కన నిలబడి పని చేసిన ఆడమనిషి ఎక్కలేదు. 1876-78 ధాత కరువులో గొడ్లు గుంపులుగా చచ్చినప్పుడు మద్రాసు రేవు నుంచి తోళ్ళ ఎగుమతి పెరిగింది. చెక్కతో పదును చేసిన దక్షిణాది తోళ్ళు ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ పేరుతో లండన్ బజారులో అమ్ముడయ్యాయి. తోలు సముద్రం దాటింది, చేసినవాడు ఊరి బావి దగ్గరికి కూడా పోలేకపోయాడు.

రాసినవాళ్ళు ఎట్లా రాశారు? 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ గ్రంథం కులాల గురించినది. అక్కడ తోలు పని మాదిగల ఆచారాల పక్కన చేరింది, పరిశ్రమల కింద కాదు. అదే కాలంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పదునుపై చేసిన పని ప్రయోగమైంది. ఆయన తోలు బానల్ని కూడా క్రోమ్‌తో చేయించి చూశాడు. జర్మనీ సంగతి ఇంకా విచిత్రం. యూరప్ చర్మకారులు తోలును మెత్తబరచడానికి కుక్క, పావురం రెట్టలు వాడేవాళ్ళు. అందులో పని చేసేది ఎంజైములని పట్టుకున్న ఓటో రోమ్, 1907లో ఓటో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టి ఆ సరుకు అమ్మాడు. అక్కడ వాసన కొట్టే అనుభవం నుంచి శాస్త్రం పుట్టింది. ఇక్కడ అదే వాసన అంటరానితనానికి సాక్ష్యమైంది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఏర్పడింది, యలవర్తి నాయుడమ్మ దాన్ని పేరున్న సంస్థగా నిలబెట్టాడు. తోలుకు శాస్త్రంలో చోటు దొరికింది. తోలు పని చేసిన కులానికి ఆ చోటు దానంతట అది రాలేదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలాట కళాకారులు కూడా తోలుతోనే పని చేస్తారు. వాళ్ళు టానిన్ పట్టించరు, గీకి, లాగి కట్టి ఆరబెడతారు, అందుకే వెలుగు దాటుతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అది న్యాయమైన గౌరవమే. అయితే తోలు బొమ్మయితే కళ, తోలు బాన అయితే మైల ఎట్లా అయిందో అడగాలి గదా. ధర్మవరం పట్టుకు పేరు తెచ్చిన రంగుల తొట్టి కూడా ఇట్లాంటిదే. పట్టు మీది సెరిసిన్ జిగురును సబ్బు నీళ్ళలో ఎంత తీయాలి, రంగు తొట్టి ఎంత వేడిగా ఉండాలి అన్నవి కూడా కర్బన రసాయనశాస్త్రపు ప్రశ్నలే.

ఇంత చెప్పి లందను పొగిడి ఊరుకుంటే మోసమవుతుంది. ఆ నేర్పు ఇష్టపడి ఎంచుకున్నది కాదు, పుట్టుకతో నెత్తిన పెట్టినది. వెట్టి కూలి, కుళ్ళిన గొడ్డు, సున్నంతో ఒరుసుకుపోయిన వేళ్ళు దానితో కలిసే వచ్చాయి. కులం పనిని మాత్రమే కాదు, పని చేసే మనుషుల్ని కూడా విభజిస్తుందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. కాబట్టి మాదిగ పిల్లలు మళ్ళీ లందకు పోవాలని మేము అనడం లేదు. వాళ్ళు ప్రయోగశాలలోకి పోవాలి, అక్కడ వాళ్ళ చేతికి పరీక్షనాళిక దొరకాలి.

ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాల కాలేజీలకు మొదటి తరం విద్యార్థులు వస్తున్నారు. ఎక్కడైనా సరే, ఇద్దరు చేస్తుంటే పదిమంది చూసి, రికార్డులో ఫలితం ఎక్కించే ప్రాక్టికల్ ప్రాక్టికల్ కాదు. ఇంట్లో వనరులున్నవాళ్ళు మరోచోట నేర్చుకుంటారు. లేనివాళ్ళకు ఆ గదే దిక్కు. ప్రతి విద్యార్థీ స్వయంగా ఒకసారి చెడగొట్టి, ఎందుకు చెడిందో రాసి, రెండోసారి చెయ్యాలి. సరైన జవాబుకు ఎన్ని మార్కులో ఆ రాతకూ అన్ని ఉండాలి.

అధ్యాపక మిత్రులకు ఒక చిన్న సూచన. రోడ్డు పక్క తంగేడు చెక్క, అంగడి కరక్కాయ తెప్పించి వేరువేరుగా కాచి వడకట్టించండి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో రంగులు చూపించండి. జిలెటిన్ ద్రావణం కలిపితే అవక్షేపం పడుతుంది. జిలెటిన్ కొల్లాజెన్ నుంచే వస్తుంది కాబట్టి, లందలో వారాల తరబడి జరిగింది పరీక్షనాళికలో ఒక్క నిమిషంలో కనిపిస్తుంది. ఖర్చు పదుల రూపాయలు. ఆ రోజు ఇది ఎవరి జ్ఞానమో కూడా చెప్పండి. బెంచీ దగ్గర నిలబడ్డ పిల్లల్లో ఎవరి తాతలు ఈ పని చేశారో వేలెత్తి చూపించకుండా చెప్పండి. వినాల్సింది ఆ ఒక్కరే కాదు, మిగతా క్లాసంతా.