కూర్చుట, కడుగుట, ఆరబెట్టుట

అమైనో ఆమ్లములను వరుసగా గుచ్చి పెప్టైడు గొలుసులను రసాయనశాలలో నిర్మింపవచ్చునని బెర్లినులో ఎమిల్ ఫిషరు నిరూపించి శతాబ్దము దాటినది. 1901లో ఆయన రెండు గ్లైసీనులను జతచేసెను. 1907 నాటికి 18 ఆమ్లముల గొలుసును సాధించెను. అయితే ఆ విద్యలోని కష్టము చేర్చుటలోకంటె తొలగించుటలో నెక్కువగా నుండెను. ప్రతి కూర్పు ముగిసిన పిదప, మిగిలిన ద్రవ్యములనుండి కొత్త గొలుసును వేరుచేసి శుద్ధిపరచిన తరువాతగాని మరియొక ఆమ్లమును చేర్చుటకు వీలులేకపోవుటచేతను, అడుగడుగున కొంత సరకు నష్టమగుటచేతను, గొలుసు పెరిగినకొలది చేతికందునది తరిగిపోవుచుండెను. 1932లో బెర్గ్మన్, జెర్వాసు అనువారలు ఆమ్లమున కొకవైపు తాత్కాలికమైన తొడుగు వేసి, పని తీరగానే గొలుసు చెడకుండ దానిని ఊడదీయు ఉపాయమును కనిపెట్టిరి. 1953లో డు విన్యో 9 ఆమ్లముల ఆక్సిటోసిను హార్మోనును నిర్మించి, రెండేండ్లకు నోబెల్ బహుమానము నందెను.

న్యూయార్కులోని రాక్‌ఫెలర్ సంస్థయందు బ్రూస్ మెరిఫీల్డు 1963లో ప్రకటించిన పద్ధతి ఈ శ్రమను చాలవరకు తొలగించెను. మొదటి ఆమ్లమును పాలిస్టైరీను పూసకు బంధించి, అడుగున వడపోత గాజుపలక గల పాత్రలో పూసలను ద్రావకముతో కుదిపి, ఒక్కొక్క ఆమ్లమును చేర్చి, మిగులును కడిగివేయుటయే ఆ పద్ధతి. గొలుసు పూసను వీడదు గనుక మడ్డి యంతయు ద్రావకముతో వడిసిపోవును; గొలుసును పూసనుండి విడదీయుట చివరిపని. ఇందుకు 1984లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

నిర్మించినదానిని నిలువచేయు విద్య వేరొక దారిని వచ్చినది. నీటిలో నున్న పెప్టైడు క్రమముగా చెడును. కాచి ఆరబెట్టుదమన్న వేడిమి దానిని చెరచును. 1906లో పారిసులో దార్సోన్వాలు, బోర్డాసు అనువారలును, 1909లో అమెరికాలో షాకెల్లును, గడ్డకట్టించిన పదార్థమునుండి శూన్యములో మంచును ద్రవముగా మారనీయక ఆవిరిగా లాగివేయు మార్గమును చూపిరి. రెండవ ప్రపంచ యుద్ధములో ఎండిన రక్తరసమొక సీసాలోను, దానిని కలుపుటకు శుద్ధజలము వేరొక సీసాలోను యుద్ధరంగమునకు పంపబడెను. నేటి పరిశోధనశాలలలోని పెప్టైడు పొడి ఆ విద్యకే వారసురాలు.

ఉదాహరణకు, 1973లో పికార్టు, థేలరు అనువారలు మానవ రక్తరసములో గుర్తించిన మూడు ఆమ్లముల పెప్టైడు, రాగితో కూడి కణజాలమును బాగుచేయునేమో యను ఆశను రేపెను. 1988లో ఫ్రాన్సు దేశమున మాకార్టు బృందము అది పెంపక కణములలో కొల్లాజెను ఉత్పత్తిని హెచ్చించునని చూపెను. కాని పాత్రలోని కణము వేరు, రోగి పుండు వేరు. అట్టి పెప్టైడు పొడిని దీర్ఘకాలము నిలువచేయుటకు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో నుంచుట వాడుక. మూత తీయుటకు ముందు సీసాను గది వేడిమికి రానిత్తురు. లేనిచో గాలిలోని తేమ లోపల చేరును. మరియు తూచిన పొడి యంతయు పెప్టైడు కాదు. తయారీలో అంటుకొన్న లవణమును, మిగిలిన తేమయు అందులో కలిసియుండును. కాబట్టి తెల్లదనమును చూచి శుద్ధిని నమ్మరాదు. పరీక్షచేసి తొలగనిదెంతయో తెలిసికొనిన పిదపనే ఆ పొడి ప్రయోగమునకు పనికివచ్చును.