అప్పుకి కాగితం ఉంది, జీతానికి లేదు
(పేట లెక్కలు – 9)



కిందటి భాగంలో బంజరు పట్టాల గురించి మాట్లాడుకున్నాం. ఈ భాగం, పని పోయినప్పుడు మన ఇళ్ళు ఎలా గడిచాయన్న దాని గురించి. ఏటా వేసవి వచ్చేసరికి గెస్ట్ లెక్చరర్లు, ప్రైవేటు కాలేజీల వాళ్ళు ఒకటే మాట అడుగుతుంటారు: "జూన్ నుంచి రావద్దంటున్నారు, ఏం చెయ్యాలి?" జవాబు కొంత చట్టంలో ఉంది. మిగతాది మన అమ్మమ్మల ఇళ్ళలో ఉంది. ముందు అక్కడికి వెళ్దాం.

మాది కోరుకొండ. రాజమండ్రికి ఉత్తరాన ఉన్న మెట్ట ప్రాంతం. గోదావరి జిల్లా అనగానే అందరికీ కాలవలూ కొబ్బరితోటలూ గుర్తొస్తాయి. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట నీళ్ళు కిందకి, డెల్టాకి పోయాయి. మెట్టకి చాలాకాలం చెరువూ వానే దిక్కు. అందుకని మా పేటల్లో బతుకుతెరువు రెండు రకాలు. ఊళ్ళో మోతుబరి దగ్గర ఏడాది పాలేరుతనం. అది లేకపోతే ఊడ్పులకీ కోతలకీ డెల్టా పొలాల్లోకి వలస. ఆనకట్ట వల్ల భూమి ఉన్నవాడి పంట పెరిగింది. ఆ పంటని నాటి, కోసి, మోసిన మాల మాదిగలకి పని పెరిగింది గానీ భూమి రాలేదు.

పాలేరు ఒప్పందం నోటిమాట. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం, ఒక పంచె, ఒక దుప్పటి. పండక్కి ఇచ్చేది ఆసామి దయ. ఇందులో ఏదీ రాతలో ఉండదు. కానీ పెళ్ళికో, పురిటికో, చావుకో తెచ్చుకున్న అప్పుకి మాత్రం రాత ఉండేది. ప్రామిసరీ నోటు మీద తాతల వేలిముద్ర ఉండేది. జీతం ఎంతో రుజువు చెయ్యడానికి మనవాళ్ళ దగ్గర చిన్న కాగితం ముక్క కూడా లేదు. బాకీ ఎంతో రుజువు చెయ్యడానికి ఆసామి పెట్టెలో నోటు భద్రంగా ఉంది. నేను చెప్పాలనుకున్నదంతా ఇందులోనే ఉంది. మన ఇళ్ళలో మొదట అడుగుపెట్టిన కాగితం అప్పు కాగితం.

"ఇంక రావద్దు" అన్నప్పుడు పాలేరుకి నోటీసు లేదు, పరిహారం లేదు. బాకీ మాత్రం వెంట వచ్చేది. అది తీరేదాకా తండ్రి చోట కొడుకు పశువుల కాపరిగా చేరేవాడు. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసిన పెద్ద పని, అలాంటి అప్పు కాగితాన్ని చెల్లదనడం. చాకిరీకి కట్టిపడేసిన బాకీ రద్దయింది. అన్నేళ్ళు చేసిన చాకిరీకి రావలసిన జీతం ఎంతో లెక్క తేల్చేందుకు మాత్రం మన దగ్గర ఏ పుస్తకమూ లేదు.

మరి మన ఆడవాళ్ళు లెక్క రాయలేదా? రాశారు. మా అమ్మమ్మ కూలికెళ్ళిన ప్రతి రోజుకీ వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. అయిదు గీతలకి ఒక అడ్డగీత. అప్పు తెచ్చిన గింజలకి తలుపు పక్కన వేరే వరస. కోతల్లో వచ్చిన ధాన్యం ముందు ఆ అప్పుకి కొలిచేది, తర్వాత విత్తనానికి ఇంత, మిగిలింది కుండల్లో. ఊడ్పులు అయిపోయి కోతలు మొదలయ్యేదాకా ఉండే ఆ రెండు నెలలూ పని ఉండదని ఆమెకి ముందే తెలుసు. అందుకే పని ఉన్న రోజుల్లోనే రోజుకో గుప్పెడు బియ్యం విడిగా తీసి పెట్టేది. తవుడు, నూక, ఆకుకూర, కాలవలో చేప, అన్నీ ఆమె బడ్జెట్లో పద్దులే. సంక్రాంతికి గోడలు అలికితే ఆ పద్దులన్నీ చెరిగిపోయేవి. ఆసామి నోటు కోర్టులో చెల్లింది. అమ్మమ్మ గోడ చెల్లలేదు.

ఆ తర్వాత వరికోత యంత్రాలు వచ్చాయి. గుంపులుగా ఆడవాళ్ళు రోజుల తరబడి కోసే చేను కొద్ది గంటల్లో అయిపోతోంది. ఏడాది తిండిగింజలు తెచ్చిపెట్టే పని అలా జారిపోయింది. ఒక ఫ్యాక్టరీ మూతపడితే వార్త అవుతుంది, యూనియన్ గేటు దగ్గర కూర్చుంటుంది. కోత పోయిన ఆడకూలీలకి కూర్చోవడానికి గేటు కూడా లేదు. వాళ్ళు ఎవరి దగ్గర పని చేశారో చెప్పే కాగితం ఏదీ? ఉపాధి హామీ జాబ్‌కార్డు వచ్చినప్పుడు మా అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా అడుగున దాచింది. 2005 చట్టంతో వచ్చిన ఆ కార్డు, చేసిన పనిదినాల్ని ఆమె పేరు మీద రాసిపెట్టిన మొదటి పుస్తకం. దాని విలువ ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చదువుకున్న వాళ్ళ సంగతికి వద్దాం. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పశువుల దగ్గర్నుంచి బడికి మళ్ళించిన తల్లిదండ్రులు గోదావరి జిల్లాల్లో ఎందరో. ఉద్యోగం వస్తే కష్టాలు తీరిపోతాయని మన తరాలు నమ్మాయి. ఆ నమ్మకం వల్లే నేనూ చదువుకున్నాను. అయితే ఉద్యోగం వచ్చిన మనవాళ్ళ జీవితాల్ని కూడా దగ్గరగా చూడాలి.

గుర్రం జాషువా గారు విద్యార్థులకి 'గబ్బిలం' కవిగా తెలుసు. ఆయన ఉద్యోగాల వరస చూడండి. వినుకొండలో మిషన్ బడిలో పంతులు. జీతం వేళ్ళమీద లెక్కపెట్టగలిగిన రూపాయలు. 1910లోనే మేరీ గారితో పెళ్ళయింది. ఆ ఉద్యోగం పోయింది. పొట్ట చేతపట్టుకుని వచ్చింది మన రాజమండ్రికే. 1915–16లో ఇక్కడ మూకీ సినిమా తెర పక్కన నిలబడి కథా సంభాషణలూ చదివి వినిపించే పని చేశారు. తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల. ఆ తర్వాత తెలుగు పండిత ఉద్యోగం, యుద్ధకాలంలో ప్రచారకుడి పని, చివర్లో మద్రాసు రేడియో. 1931లో టాకీలు వచ్చాక తెర పక్కన చదివే ఆ పని దేశంలోనే లేకుండా పోయింది. అప్పటికి ఆయన పండితుడిగా కుదురుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇవాళ మన కాంట్రాక్టు మాస్టార్ల బయోడేటా దీనికి భిన్నంగా ఉంటుందా? సాహిత్య చరిత్రలు ఆయన పద్యాల్ని లెక్కపెట్టాయి. ఉద్యోగం పోయిన నెలలో ఆ ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకి సరిపోయాయని అడగలేదు. ఒక దళిత కవి ఎంత రాయగలిగాడో తెలియాలంటే ఆ లెక్క కూడా కావాలి.

అవే సంవత్సరాల్లో బాబాసాహెబ్‌కి కూడా ఉద్యోగం పోయింది. కొలంబియాలో చదువుకి స్కాలర్‌షిప్ ఇచ్చినందుకు బరోడా సంస్థానంలో పదేళ్ళు పనిచేస్తానని ఆయన 1913లో ఒప్పందం రాసిచ్చారు. 1917లో బరోడా వెళ్తే అద్దెకి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో పదకొండు రోజులున్నాక కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఉద్యోగం వదిలి బొంబాయి చేరారు. ఆయన బరోడాకి బాకీ ఉన్న చాకిరీకి కాగితం ఉంది. బరోడాలో తల దాచుకునే గదికి మాత్రం కాగితం లేదు. బొంబాయిలో ట్యూషన్లు చెప్పారు. షేర్ల వ్యాపారులకి సలహాలిచ్చే పని పెట్టుకుంటే, కులం తెలిశాక వచ్చేవాళ్ళు మానేశారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో తాత్కాలిక ప్రొఫెసర్ అయ్యారు. ఆ జీతంలో పొదుపు చేసి, మరికొంత సాయం తీసుకుని 1920లో తిరిగి లండన్ చదువుకి వెళ్ళారు. ఆయన చదువు వెనుక, చిన్న చాల్ గదిలో చాలీచాలని డబ్బుతో సంసారం నడిపిన రమాబాయి గారు ఉన్నారు. తాత్కాలిక ఉద్యోగాన్ని ఆ ఇద్దరూ తర్వాతి మెట్టుకి డబ్బు కూడబెట్టుకునే గడువుగా వాడుకున్నారు.

చట్టం సంగతి కూడా చూద్దాం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ, రిట్రెంచ్ చేస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం పరిహారం ఇవ్వాలంది. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థ కూడా పరిశ్రమే అంది. 1988లో సుందరాంబాళ్ కేసులో, అందులో పాఠం చెప్పే టీచరు మాత్రం "వర్క్‌మన్" కాదంది. అంటే ఆ చట్టం కింద కాలేజీ తోటమాలికి ఆ రక్షణ ఉండేది, లెక్చరర్‌కి ఉండేది కాదు. గ్రాట్యుటీ దగ్గరా ఇదే జరిగింది. 1972 చట్టం ప్రకారం టీచరు "ఉద్యోగి" కిందకి రాదని 2004లో సుప్రీంకోర్టు తీర్పు. పార్లమెంటు 2009లో నిర్వచనం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తిస్తుందంది. ప్రైవేటు స్కూళ్ళు దాని మీద కోర్టుకెళ్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణని సమర్థించింది. ఒక్క పదం అర్థం మార్చడానికి ఇన్నేళ్ళు పట్టింది. మనల్ని ఏ పేరుతో రాశారన్నది చిన్న విషయం కాదు. గెస్ట్, పార్ట్‌టైం, అవర్లీ బేసిస్ అనే పేర్లన్నీ అలా పుట్టినవే. ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్ళీ తీసుకునే పద్ధతి చూస్తే నాకు ఏడాది పాలేరు ఒప్పందమే కనిపిస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త ఉపన్యాసం అవుతుంది. 2023–24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చాక మా కాలేజీలో తెలుగు మేజర్‌గా తీసుకున్న పిల్లలు పదిమందికి తక్కువే. "మేడమ్, వచ్చే ఏడాది మీ సబ్జెక్టుకి వర్క్‌లోడ్ ఉండదండి" అని మేనేజ్‌మెంట్ నోటిమాటగా చెప్పింది. తొమ్మిదేళ్ళ సర్వీసు. జీతం 28,000. మా ఆయన ఎలక్ట్రీషియన్, పని ఉన్న నెలలో 12,000 దాకా తెస్తారు. ఇంటి లోను వాయిదా 7,200. అమ్మ మందులు 2,300. పాప స్కూలు, బస్సు కలిపి 3,500. డ్వాక్రా వాయిదా 2,000. బంగారం మీద తెచ్చిన అప్పుకి వడ్డీ 1,100. ఇవే 16,100. తిండి, కరెంటు, గ్యాస్, పెట్రోలు తర్వాత. పైగా మనలో ఒక్కరికి జీతం వస్తే ఆ జీతం మీద తమ్ముడి కోచింగూ, పిన్ని ఆపరేషనూ, పేటలో పెళ్ళి చదివింపులూ ఉంటాయి. సవర్ణుల ఇంట్లో ఉద్యోగం పోతే పొలమో, అద్దెలొచ్చే ఇల్లో అడ్డుపడుతుంది. మన ఇంట్లో ఆ పొలం స్థానంలో ఉన్నది ఉద్యోగమే.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని లెక్క రాశాం. దేన్ని ముందు ఆపాలన్న దగ్గర అమ్మ ఒకటే అంది: "గ్రూపు వాయిదా ఆపొద్దమ్మా. మనం కట్టకపోతే పక్కింటోళ్ళు కట్టాలి. రేపు మనకి గుప్పెడు గింజలు అప్పు పుట్టేది ఆళ్ళ దగ్గరే." ఏ ఆర్థికశాస్త్ర పుస్తకమూ ఇంత సూటిగా చెప్పదు. వాయిదాలన్నింటిలో మొదటి వరసలో దాన్నే రాశాం. చదివింపులు ఆపాం, చెప్పి మరీ ఆపాం. బంగారాన్ని వేలానికి వదలకుండా ఒక గొలుసు అమ్మి మిగతావి విడిపించుకోవాలనుకున్నాం. బ్యాంకుకి వాయిదా తప్పకముందే వెళ్ళి, గడువు పెంచమని రాతపూర్వకంగా అడగాలనుకున్నాం. పీఎఫ్ చివరి దాకా ముట్టుకోం. ఇంట్లో దాచిపెట్టి, బయట అప్పు చేసి, అదే డాబు నిలబెట్టుకునే పని చెయ్యొద్దని మిత్రులకి కూడా చెబుతున్నాను. అదే మనల్ని మళ్ళీ వేలిముద్ర దగ్గరికి తీసుకెళ్తుంది.

రెండో పుస్తకం రావలసిన వాటిది. అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఏటా ఇచ్చిన టైంటేబుల్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పరీక్ష డ్యూటీ ఆర్డర్లు, అన్నీ వరసగా పెట్టాను. అయిదేళ్ళు నిండిన వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు. చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్ళతో గుణించండి. మొత్తం జీతాన్నే లెక్కలోకి తీసుకుంటే నాకు 1,45,000 పైన వస్తుంది. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే కార్మిక శాఖలో సంబంధిత అధికారికి దరఖాస్తు పెట్టొచ్చు, లాయరు లేకుండానే. నోటిమాటకి జవాబుగా నేను మేనేజ్‌మెంట్‌కి ఉత్తరం రాశాను: వర్క్‌లోడ్ లేదన్న సంగతి, ఏ తేదీ నుంచో, నాకు రావలసినవి ఎంతో రాసి ఇమ్మని. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టాను. జవాబు ఇంకా రాలేదు. జూన్ దగ్గర పడుతోంది. భయం లేదని అబద్ధం చెప్పను.

విద్యార్థి మిత్రులకి ఒక పని. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరి దగ్గర, ఎన్నేళ్ళు, ఎంతకి పనిచేశారో అడిగి తేదీలతో రాయండి. పాలేరుతనం, ఇటుకబట్టీ, ఆసుపత్రి ఆయా పని, ఏదైనా సరే. సంఘాల్లో ఉన్న మిత్రులు పేటకో ఫైలు తెరవండి. ఎవరినైనా పనిలోంచి తీసేసిన రోజునే తేదీ, చెప్పినవాళ్ళ పేరు, బకాయి రాసి పెట్టండి. అమ్మమ్మ గోడ మీద గీసిన గీతల్ని ఈసారి అలుకు చెరపలేని చోట గీద్దాం.

వచ్చే ఆదివారం పదో భాగం: డ్వాక్రా పొదుపు పుస్తకాలు.

జై భీమ్.