ఇంజన్ బోరుకొస్తే ఖర్చెంత? బండి షెడ్డుకు ఎక్కించే ముందు వేయాల్సిన లెక్క

గుంటూరు నుంచి నల్లపాడు మీదుగా నరసరావుపేట వెళ్లే రోడ్డులో మిర్చి సీజన్‌లో ఎక్కువగా కనిపించే చిన్న బండి టాటా ఏస్. అందరూ చోటా హాథీ అంటారు. 2005లో వచ్చిన ఈ బండిలో ఉండేది రెండు సిలిండర్ల, 702 సీసీ డీజిల్ ఇంజన్. మన ఇళ్లలో చాలామందికి ఈ బండే దుకాణం, ఈ బండే పొలం. అందుకే "ఇంజన్ బోరుకొచ్చింది" అని మెకానిక్ చెప్పగానే ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోతాయి.

ఫోన్లలో వచ్చే వీడియోల్లో స్పోర్ట్స్ కారు ఇంజన్ బాగు చేయడానికి లక్షలకు లక్షలు అయ్యిందని చూసి పిల్లలు ఆశ్చర్యపోతుంటారు. పోర్షే 911లో ఆరు సిలిండర్లు ఉంటాయి. అలాంటి ఖరీదైన ఇంజన్లు కొన్నింటిలో సిలిండర్ లోపలి గోడకు నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పూత ఉంటుంది. అది చెడితే ఊళ్లో లేత్ షెడ్డులో బోరింగ్ చేయించి సరిపెట్టుకోలేం. మన చిన్న బండ్లలో గోడ పోత ఇనుముది. అరిగితే కొద్దిగా కోసి, ఆ కొలతకు తగ్గ పెద్ద పిస్టన్ వేస్తారు, లేదంటే లోపలి స్లీవ్ మారుస్తారు. పని సూత్రం ఒకటే అయినా బిల్లులో అంత తేడా రావడానికి కారణం ఇది.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పొగ వచ్చినంత మాత్రాన ఇంజన్ దించాలని కాదు. నల్ల పొగ ఎక్కువగా నాజిల్, ఎయిర్ ఫిల్టర్ తేడా వల్ల వస్తుంది, చిన్న ఖర్చుతో పోతుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. అప్పుడు కూడా వాల్వ్ సీళ్ల వల్ల వచ్చిందా, రింగుల వల్లా అన్నది కంప్రెషన్ టెస్ట్ చేస్తే తెలుస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే అక్కడి నుంచి పొగ గట్టిగా కొడుతోందంటే రింగులు, బోరు అరిగినట్టే అనుకోవచ్చు. ఈ పరీక్ష చేయకుండానే ఫుల్ ఇంజన్ చెప్పే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక బిల్లు విషయం. హాఫ్ ఇంజన్ అంటే సాధారణంగా రింగులు లేదా పిస్టన్లు, బేరింగ్ షెల్స్, గ్యాస్కెట్లు. ఫుల్ ఇంజన్ అంటే వీటికి తోడు బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పని, ఆయిల్ పంపు కూడా. ఒక్కో షెడ్డు ఒక్కో అర్థం చెప్పుకుంటుంది కాబట్టి ఆ మాటల మీద ఆధారపడకుండా ఏమేం మారుస్తారో కాగితం మీద రాయించుకోండి. పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజులో దొరుకుతాయి. అరుగుదల తక్కువగా ఉన్నప్పుడే విప్పితే చిన్న సైజుతో పోతుంది, మళ్లీ ఇంకోసారి బోరింగ్‌కి చోటు మిగులుతుంది. ఆలస్యం చేస్తే క్రాంక్ కూడా దెబ్బతిని బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. బోరింగ్ చేయిస్తే బండికి బలం పెరుగుతుందని కొందరి నమ్మకం. ఈ ఇంజన్‌లో 75 మిల్లీమీటర్ల బోరును అర మిల్లీమీటరు పెంచితే పెరిగేది సుమారు 9 సీసీ, అంటే నూటికి ఒకటిన్నర కూడా కాదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి వాహనాల విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలా వాటికి 28 శాతం ఉండేది. పాత రేటుతో ఎస్టిమేట్ ఇస్తే అడగండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న షెడ్డు కూలీ మీద జీఎస్టీ వసూలు చేయకూడదు.

బిల్లులో కనిపించని ఖర్చు బండి ఆగిన రోజులది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నప్పుడు చాలామంది దీన్ని మర్చిపోతారు. ఒక ఉదాహరణ వేద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ ఎస్టిమేట్ పెట్టి మీరు చూసుకోండి. ఫుల్ ఇంజన్ 60,000. ఖర్చులు పోను రోజుకు 900 మిగిలే బండి 12 రోజులు ఆగితే 10,800. లాక్కెళ్లడానికి 2,000. మొత్తం 72,800. బండి ఆ తర్వాత మూడేళ్లు నడిస్తే నెలకు సుమారు 2,020 పడుతుంది. ఏడాదికే గేర్‌బాక్స్, ఛాసిస్ పోతే నెలకు 6,000 పైనే.

ఇప్పుడు కొత్తది. పెట్రోల్ ఏస్ ప్రో 2025 జూన్‌లో వచ్చినప్పుడు షోరూం ధర 3.99 లక్షలతో మొదలైంది. ఇంజన్ పోయిన పాత బండికి 60,000 వస్తుందనుకుంటే చేతి నుంచి పెట్టాల్సింది 3.39 లక్షలు. ఎనిమిదేళ్లకు పంచితే నెలకు 3,530. ఇందులో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వడ్డీ కలపలేదు. ఈ లెక్క ప్రకారం పాత బండి ఇంకో 21 నెలలకు మించి ఆగుతుందనుకుంటేనే ఇంజన్ పని గిట్టుబాటు. కాబట్టి ఇంజన్‌తో పాటు కింద తుప్పు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ చూపించండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ ఖర్చూ పాత బండి ఖాతాలోకే వస్తుంది.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు 72,000, 3.39 లక్షల మధ్య తేడా చాలా పెద్దది. మొదటిది బంధువుల దగ్గరో మహల్లాలోనో ఖర్జె హసనాగా పుట్టొచ్చు, రెండోది అంత తేలిక కాదు. అలా తీసుకున్నప్పుడు గడువుతో, సాక్షులతో రాసుకోండి. సూరహ్ బఖరా 282వ ఆయత్ చెప్పేది అదే. "మనలో మనకు రాతలేంటి భాయ్" అనుకున్న చోటే తర్వాత సలాములు కూడా ఆగిపోతుంటాయి.

బాగు చేయడానికి బదులు వేరే ఇంజన్ ఎక్కిస్తే నంబర్ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందే అనుమతి తీసుకోకపోతే 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేసి ఆర్‌సీలో మార్పించుకోవాలి. సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు లేకుండా కొనొద్దు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా, పోలీసుల దగ్గరా ఆ కాగితమే అడుగుతారు.

పని ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా డబ్బే. మిర్చి యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు కిరాయిలు తగ్గుతాయి, అప్పుడు షెడ్డులో ఉంటే నష్టం తక్కువ. సీజన్ మధ్యలో చేయించినవాళ్లు మర్నాడే లోడు ఎత్తుతారు. 750 కిలోల బండికి 40 నుంచి 45 కిలోల టిక్కీలు 16, మహా అయితే 18 పడతాయి. కొత్త రింగులు బోరుకు కుదురుకునే మొదటి వెయ్యి కిలోమీటర్లలో అంతకన్నా తక్కువే వేయాలి, ఇంజన్‌ను గట్టిగా లాగించకూడదు. ఆ వెయ్యి దాటకముందే ఆయిల్, ఫిల్టర్ ఒకసారి మార్పించాలి. ఆ ఆయిల్ డబ్బు కూడా మొదటి ఎస్టిమేట్‌లోనే రాయించుకోండి.