తల్లి చేయి, తల్లి మనస్సు: చాందా సీమలో శిశురక్షణ చరిత్ర

చైత్రమాసము వచ్చినదనగా మన చంద్రపురములో ఝర్పట్ యేటి యొడ్డు జనసముద్రమగుట మనమందఱము ఎఱిగినదే. మరాఠ్వాడానుండియు, తెలంగాణమునుండియు మహాకాళి దర్శనార్థమై వచ్చెడి యాత్రికులలో చంటిబిడ్డల తల్లులే మెండు. గోండు రాణి హిరాయి 18వ శతాబ్ది తొలినాళ్ళలో కట్టించిన ఆలయమిది. కోటలు కట్టించిన రాజులను చరిత్రకారులు లెక్కించుదురు గాని, ఆ కోటలలోపల పసిబిడ్డలెట్లు బ్రతికిరి, ఎవరు బ్రతికించిరి అను ప్రశ్న గ్రంథములలో అరుదుగా కనబడును. ఆ ప్రశ్నను గూర్చియే మేమిక్కడ కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ సీమకు తెలుగువారు క్రొత్తవారు కారు. ప్రాణహితా గోదావరుల చెంతనున్న సిరోంచా ప్రాంతము 1860లో నిజాము ప్రభువునుండి ఆంగ్లేయుల వశమై, తరువాత చాందా జిల్లాలో కలిసెను. రాజురా తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమందలి ఆదిలాబాదు జిల్లాలోనిదే. 1959లో గాని చాందాకు రాలేదు. 1871లో వరోడాలో బొగ్గుగని తెఱచిరి. పిమ్మట బల్లార్‌పురపు గనులు, కాగితపు కర్మాగారము వచ్చెను. బ్రతుకుతెరువుకై వచ్చిన మనవారు మూటముల్లెలతోపాటు పోచమ్మను గూడ తెచ్చుకొనిరి. వేపచెట్టు క్రింద నాలుగు రాళ్ళు, పసుపు, కుంకుమ, బోనము: ఇంతకు మించిన గుడి ఆమె అడుగలేదు. సికిందరాబాదులోని ఉజ్జయినీ మహంకాళి గుడికిని ఇట్టి కథయే కలదు. 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలోనున్న సైనికుడు సురిటి అప్పయ్య మ్రొక్కుకొని, తిరిగి వచ్చి 1815లో అమ్మవారిని నిలిపెనని పెద్దలు చెప్పుదురు. అమ్మవారు ఎక్కడ వెలసినను ఆ వెనుక ఒక అంటువ్యాధియు, భయపడిన తల్లులును ఉందురు.

ఇక ఇంటిలోని వైద్యము. బిడ్డ కారణము లేక ఏడ్చిన, పాలు కక్కిన, ఉలికిపడిన, అమ్మమ్మ ముందుగా చేయునది దిష్టి తీయుట. ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుమారులు త్రిప్పి పొయ్యిలో వేయుదురు. లేదా పసుపు సున్నము కలిపిన ఎఱ్ఱనీళ్ళు దిగదుడిచి వీధిలో పోయుదురు. మిరపకాయ ఘాటు రాకపోయినచో దిష్టి గట్టిదే అని నిశ్చయము. తరువాత వెచ్చని నూనెతో ఒళ్ళు మర్దించి, శనగపిండితో నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ చూపి, చంక నెత్తుకొని జోకొట్టుదురు. ఇందులో ఎన్నిపాళ్ళు నమ్మకము, ఎన్నిపాళ్ళు వైద్యము అని విడదీసి చూచు ఓపిక ఆనాడు ఎవరికిని లేదు. మాకు తోచినది చెప్పెదము: ఎఱ్ఱనీళ్ళలో మందు లేదు. కాని దిష్టి తీయుటకై అమ్మమ్మ బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని, ముఖము తేఱిపాఱ చూచి, ఒళ్ళు తడిమి, జ్వరమున్నదా లేదా అని కనుగొనెడిది. ఆ చూపులో మాత్రము మందున్నది.

మశూచి కాలమునందు ఆ చూపును చాలలేదు. అమ్మవారు పోసినదని వేపమండలు గుమ్మమునకు కట్టి, తాలింపు మాని, బిడ్డను చల్లని చోట పరుండబెట్టెడివారు. ఇంటికి పరాయివారిని రానీయకుండుట మేలే చేసెను. అయినను రోగము తన పని తాను చేయుచునే యుండెను. ఇంగ్లండులో జెన్నరు 1796లో కనుగొన్న టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేండ్ల బాలికకు వేయబడెను. అంతట ఒక బిడ్డ చేతిపొక్కునుండి రసి తీసి మఱొక బిడ్డకు వేయుచు దేశమంతట వ్యాపింపజేసిరి. పరుల బిడ్డ పుండులోని రసిని తన బిడ్డకు ఎక్కించుటకు తల్లి జంకుటలో అజ్ఞానము కొంతయే, మిగిలినది మనుష్యస్వభావము. టీకాదారు వచ్చుచున్నాడనిన బిడ్డలను అటుకెక్కించి దాచిన తల్లుల కథలు ప్రతి ఊరను వినబడును. 1975 మే నెలలో ఈ దేశమందు కడపటి మశూచి రోగి కనబడెను; 1980లో భూమండలమే దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. పోచమ్మకు బోనములు నేటికిని ఎత్తుచున్నారు. అందులో మాకు వైరుధ్యమేమియు తోచదు.

ఇప్పుడు దిష్టి స్థానమున క్రొత్త మాటలు వచ్చినవి. ప్రాణశక్తి చికిత్స, రేకీ మొదలగు పేర్లతో, చేయి తాకకయే శక్తి ప్రసరింపజేసి రోగము పోగొట్టుదుమనువారు పట్టణములలో వెలసిరి. వీరి పిలుపు ముఖ్యముగా తల్లులకే. ఇంటి పని, ఉద్యోగము, పిల్లల చదువులు నెత్తిన పెట్టుకొని అలసిన స్త్రీకి “నీ చేతిలోనే శక్తి యున్నది, నీ మనస్సు మాట విను” అని చెప్పిన ఎంత హాయి! ఈ విద్య ప్రాచీన భారతీయమని కొందఱు ప్రచారము చేయుదురు గాని, రేకీ జపాను దేశమున మికావో ఉసుయి అనునాయన 1922 ప్రాంతమున ఆరంభించినది. అంతకు ముందే ఐరోపాలో మెస్మరు అను వైద్యుడు మనుష్యదేహమునుండి అయస్కాంతశక్తి వెలువడునని చెప్పి పారిసు నగరమును ఉఱ్ఱూత లూపెను. 1784లో ఫ్రెంచి ప్రభువు నియమించిన పరీక్షక సంఘములో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిసియే వంటివారుండిరి. శక్తి నింపిన చెట్టు ఒకటి తోటలో నుండగా, కన్నులకు గంతలు కట్టిన బాలుడొకడు ఆ చెట్టును చేరకముందే, ఏ శక్తియు నింపని చెట్టు వద్ద మూర్ఛిల్లెను! మూర్ఛ నిజమే, శక్తి మాత్రము ఊహ.

ఇంకొక పరీక్ష దీనికన్న ముచ్చటైనది. అమెరికాలో ఎమిలీ రోజా అను తొమ్మిదేండ్ల బాలిక, ఇట్టి చికిత్స చేయువారిని 21 మందిని అట్టతెర వెనుకనుండి రెండు చేతులు చాచుమని అడిగెను. తన చేతిని వారి చేతులలో ఒకదానిపై తాకకుండ నుంచి, ఏ చేతికి శక్తి తగులుచున్నదో చెప్పుమనెను. 280 పర్యాయములలో వారు సరిగా చెప్పినది 123. బొమ్మా బొరుసా వేసినను ఇంతకన్న మేలుగా వచ్చియుండును. మేము జీవితమంతయు చిట్టా, ఆవర్జాలు వ్రాసిన గుమాస్తాలము; జమకును ఖర్చుకును పొత్తు కుదరనిచో ఎంతటివారి మాటయైనను ఒప్పుకొనజాలము. ఆ ఫలితము 1998లో అమెరికా వైద్యసంఘ పత్రికలో అచ్చయ్యెను.

తాకని చేయి సంగతి అది. తాకిన చేయి సంగతి వేఱు. కొలంబియా దేశమున బొగోటా నగరములో 1978లో ఎడ్గార్ రే అను వైద్యుడు, వెచ్చదనమిచ్చు యంత్రములు చాలక, నెలలు నిండని శిశువులను తల్లి రొమ్మునకు ఆనించి కట్టించెను. ఆ పద్ధతిని మన దేశముతో సహా ఐదు దేశములలో పరీక్షించి 2021లో ప్రకటించిరి. పుట్టినది మొదలు తల్లి ఒంటికి ఆనించి యుంచిన శిశువులలో మరణములు నూటికి 12, అట్లుంచనివారిలో 15.7. శక్తి అను మాట వాడక తప్పదనువారు ఈ వెచ్చదనమునకు వాడుకొన్న మాకు అభ్యంతరము లేదు.

మన పొరుగుననే జరిగిన మహత్కార్యమును గూర్చి మనవారిలో తెలిసినవారు తక్కువ. 1982లో చంద్రపురమునుండి విడివడి గడ్చిరోలి వేఱు జిల్లా అయ్యెను. సిరోంచా తెలుగువారు ఆ జిల్లాలోనికి పోయిరి. అక్కడ 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్య దంపతులు ‘సర్చ్’ అను సంస్థను నెలకొల్పిరి. ఆదివాసుల కోరికపై వారి ఆసుపత్రికి దంతేశ్వరీదేవి పేరు పెట్టిరి. దేవత పేరున్న చోటికి తల్లి బిడ్డ నెత్తుకొని జంకులేక వచ్చునని గ్రహించుట చిన్న సంగతి కాదు.

ఆ అడవులలో పసిబిడ్డలు ఊపిరితిత్తుల వాపుచే రాలిపోవుచుండిరి. నిమిషమునకు ఊపిరులు లెక్కించిన రోగము పట్టుబడును. కాని మంత్రసానులకు లెక్క రాదు. అందుకై పూసలును, నిమిషము కొలుచు ఇసుక గడియారమును గల సాధనము నొకదానిని వారు కల్పించిరి. అక్షరము రాని స్త్రీ పూసలు జరుపుచు రోగనిర్ణయము చేయసాగెను. ఇట్లు గ్రామస్థులు మందిచ్చిన 612 రోగులలో మరణించినవారు నూటికి ఒక్కరు కూడ లేరు. ఈ వృత్తాంతము 1990లో లండనునుండి వెలువడు లాన్సెట్ పత్రికలో ప్రకటితమయ్యెను.

పిమ్మట 39 గ్రామములలో, కొద్దిపాటి చదువుగల స్త్రీలకు శిక్షణనిచ్చి, బాలింతల ఇండ్లకు పంపిరి. బిడ్డకు విషజ్వరము సోకినదని తెలిసికొను గుర్తులు ఎట్టివనగా: ఏడుపు సన్నబడుట, పాలు పట్టుట తగ్గుట, కాలుసేతులు వ్రేలబడుట, ఒళ్ళు చల్లబడుట, డొక్కలెగురుట. పాఠకులు గమనింతురు గాక! వీనిలో మొదటివన్నియు నిన్నటికిని నేటికిని గల భేదములు. నిన్న బిడ్డ ఎట్లేడ్చెనో వైద్యునికెట్లు తెలియును? తల్లికే తెలియును. 1995 మొదలు 1998 వఱకు సాగిన ఈ పని మూడవ యేటికి నెలలోపు శిశువుల మరణములను నూటికి 62 వంతులు తగ్గించెను. 1999లో ఇదియు లాన్సెట్‌లో వెలువడెను. 2011 నుండి ఆశా కార్యకర్తల ద్వారా ఈ విధానము దేశమంతట అమలులోనికి వచ్చెను.

తల్లి మనస్సు కీడు శంకించుననుట ఇదియే గదా! ఆ శంక ఆకాశమునుండి ఊడిపడదు. రాత్రింబవళ్ళు ఒక్క ముఖమునే చూచిన కన్నులు పేరు పెట్టలేని మార్పును ముందుగా పట్టును. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున, “మీ బిడ్డ స్థితి క్షీణించుచున్నదని మీకు తోచుచున్నదా?” అని ఆసుపత్రికి వచ్చిన తలిదండ్రులను అడిగి లెక్కలు గట్టిరి. అవునన్నవారి బిడ్డలకు అత్యవసర చికిత్సా విభాగము అవసరమగుట చాల ఎక్కువగా నుండెనని 2025లో ప్రకటించిరి. నాడి, ఊపిరి చూచిన కొలతలకంటె ఈ మాటయే బలమైన సూచనగా తేలెను.

కాని తల్లి తన ఒంటి మాట వినుచున్నదా? రాణీ బంగ్ గడ్చిరోలిలోని రెండు గ్రామములలో 650 మంది స్త్రీలను పరీక్షింపజేసి 1989లో ప్రకటించిన దానిని చదివినప్పుడు మేము నివ్వెఱపోయితిమి. నూటికి 92 మందికి స్త్రీరోగములు కలవు. అంతకు ముందు పరీక్ష చేయించుకొన్నవారు నూటికి 8 మంది. బిడ్డ ఏడుపులోని తేడాను అర్ధరాత్రి పట్టగలిగిన స్త్రీ తన నడుమునొప్పిని పదేండ్లు దాచుకొనును. పని తెమలనిదే తీరిక లేదనును. తీరిక దొరికిన రోజున తాయెత్తు కట్టించుకొనును. తాయెత్తు కట్టుకొనుటకు మేము అడ్డు చెప్పము. దానిని చూపి వైద్యుని వద్దకు పోవుట మానిపించువారియందే మా కినుక. 2013లో మహారాష్ట్ర ప్రభుత్వము చేసిన శాసనము పాము, తేలు, కుక్క కఱచినవారిని వైద్యమునకు పోనీయక మంత్రము వేయుటను నేరముగా నిర్ణయించెను. ఆ శాసనమునకై పాటుపడిన నరేంద్ర దాభోల్కరు ఆ యేటనే ఆగస్టు 20న పూనాలో హత్యకు గుఱియయ్యెను.

మన కుటుంబములకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. మంచిర్యాల, కరీంనగరముల వైపునుండి క్రొత్తగా వచ్చిన కోడలికి మరాఠీ రాదు. ఆసుపత్రిలో వ్రాసికొనువారికి తెలుగు రాదు. కొన్నేండ్ల క్రిందట మా యెఱుకలోని ఒక చిన్నది, “పిల్ల ఏడుపు మారినది” అని మొత్తుకొనగా, వెంటవచ్చిన మగవారు “ఏడ్చుచున్నది” అని మాత్రమే మరాఠీలో చెప్పిరి. ఏడ్వని బిడ్డ ఎక్కడ నుండునని నవ్వి పంపివేసిరి. ఆమె ఇల్లు చేరక, గేటువద్దనే కూర్చుండి, రెండవ మారు తానే లోనికి పోయి, బిడ్డ గొంతు ఎంత సన్నబడినదో తన గొంతుతో ఏడ్చి చూపెను. అప్పుడు చేర్చుకొనిరి. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోవుచున్నది.

ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన శిశువును మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములలో ఇంటికి వచ్చి చూడవలెను. ఆ దినములలో రెండు భాషలును వచ్చిన అత్తగారో, వదినగారో, బడికి పోవు ఆడపిల్లయో బాలింత ప్రక్కన కూర్చుండి, ఆమె పలికిన మాటను పలికినట్లు మరాఠీలో చెప్పవలెను: ఏడుపు సన్నబడినది, పాలు సగము కూడ పట్టుటలేదు, డొక్కలెగురుచున్నవి.