హోమ్ థియేటర్ కంప్యూటర్

టీవీకి కలిపి సినిమాలు, పాటలు, ఫొటోలు, ప్రసారాలు చూపేందుకు వాడే చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను హోమ్ థియేటర్ కంప్యూటర్ అంటారు.

చరిత్ర: మైక్రోసాఫ్ట్ 2002లో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్‌ను తెచ్చింది. 2005లో ఆపిల్ మ్యాక్ మినీ, 2012లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రం కోసం పుట్టిన ఉచిత మీడియా ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌బీఎంసీ, 2014లో కోడీగా పేరు మార్చుకుంది.

అమరిక: హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే బొమ్మను, ధ్వనిని టీవీకి చేరుస్తుంది. హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించిన వీడియోను గ్రాఫిక్స్ చిప్ స్వయంగా విప్పగలిగితే ప్రాసెసర్‌పై భారం, వేడి, ఫ్యాన్ చప్పుడు తగ్గుతాయి. సినిమాలు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో, భారతీయ టీవీ ప్రసారాలు 25 ఫ్రేములతో ఉంటాయి. టీవీ రిఫ్రెష్ రేటును అందుకు తగ్గట్టు 24 లేదా 50 హెర్ట్జ్‌కు మారిస్తే కదలికలో కుదుపు ఉండదు.

ప్రసారాల స్వీకరణ: ప్రసార భారతి 2004లో ప్రారంభించిన ఉచిత డీటీహెచ్ సేవ నేడు డీడీ ఫ్రీ డిష్. అందులో తాళం వేయని ఛానళ్లను ఉపగ్రహ సంకేతాలను అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఉన్న కంప్యూటర్ నేరుగా చూపగలదు, రికార్డు చేయగలదు. ఈ సేవ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉండడంతో తెలంగాణలోని బసంత్‌నగర్, గోదావరిఖని ప్రాంతాల్లో డిష్‌ను ఆగ్నేయ దిక్కుకు తిప్పాలి.

పరిమితులు: చెల్లింపు డీటీహెచ్ ఛానళ్లకు వాటిని అందించే సంస్థల సెట్‌టాప్ బాక్సే కావాలి. కాపీ రక్షణ నిబంధనల వల్ల కొన్ని ఓటీటీ సేవలు కంప్యూటర్ బ్రౌజర్‌లో 4కే నాణ్యత ఇవ్వవు.