గుండె జబ్బు ఉన్నవారికి జ్వరం వస్తే ఏ రక్తపరీక్ష ఏం చెబుతుంది?

"నాన్నగారికి సి.ఆర్.పి. 60 వచ్చిందట, యాంటీబయోటిక్ మొదలుపెట్టచ్చా?" అని మిత్రులు నాకు తరచు ఫోన్ చేస్తుంటారు. వైద్యుడిగా నేను ముందు అడిగేది ఒక్కటే: "బ్లడ్ కల్చర్‌కి రక్తం తీశారా?"

ఈ ప్రశ్న విలువ నాకు మా ఇంట్లోనే తెలిసింది. కృత్రిమ కవాటం ఉన్న మా మావయ్యకి సన్నగా జ్వరం వచ్చింది. మందుల షాపు నుంచి తెచ్చిన మాత్రలు వేసుకున్నారు. జ్వరం, సి.ఆర్.పి. రెండూ తగ్గాయి. అందరం సంతోషించాం. రెండు వారాలకి జ్వరం తిరగబెట్టింది. ఎకోలో కవాటానికి ఇన్‌ఫెక్షన్ కనిపించింది. కల్చర్‌లో మాత్రం ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. ఏ మందు పనిచేస్తుందో ఊహించి వాడవలసి వచ్చింది.

మూడు పరీక్షల తేడా ఇదీ.

సి.ఆర్.పి.: 1930లో కనుగొన్నారు. చవక. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కడున్నా కాలేయం దీన్ని తయారుచేస్తుంది. అందుకే బాక్టీరియా లేకపోయినా గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, ఆపరేషన్ తర్వాత కూడా పెరుగుతుంది. రిపోర్టులో కొలమానం చూడండి: డెసిలీటరుకు 6 మిల్లీగ్రాములన్నా, లీటరుకు 60 అన్నా ఒకటే.

ప్రొకాల్సిటోనిన్: బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌కీ దీనికీ ఉన్న సంబంధం 1993లో బయటపడింది. సి.ఆర్.పి. కన్నా త్వరగా పెరుగుతుంది. వైరస్ జ్వరాల్లో సాధారణంగా అంతగా పెరగదు. ఆయాసంతో వచ్చిన గుండె రోగికి న్యుమోనియానా, ఊపిరితిత్తుల్లో నీరా అని తేల్చుకోవడానికి కొంత సాయపడుతుంది. మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము కంటే తక్కువుంటే బాక్టీరియా న్యుమోనియా అవకాశం తక్కువ. కానీ మూత్రపిండాల జబ్బులో, పెద్ద గుండె ఆపరేషన్ తర్వాత, గుండె బలహీనతతో బి.పి. పడిపోయినప్పుడు కూడా పెరగవచ్చు. పైగా, కవాటానికి ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది.

బ్లడ్ కల్చర్: పై రెండూ అనుమానాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి, అంతే. సూక్ష్మజీవి పేరు, దానికి లొంగే మందు చెప్పేది ఇదే. కవాటం ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే యాంటీబయోటిక్ వేయకముందే, వేర్వేరు చోట్ల గుచ్చి, కనీసం మూడుసార్లు రక్తం తీయాలి. చాలావరకు 1-2 రోజుల్లో తెలుస్తుంది. సాధారణంగా 5 రోజులు చూస్తారు. చికిత్స తరచు 4-6 వారాలు సాగుతుంది కాబట్టి సరైన మందు తెలియడం ముఖ్యం.

బి.పి. పడిపోయినా, మనిషి మగతగా ఉన్నా ఆలస్యం చేయకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తే, రక్తం తీసిన మరుక్షణమే మందు మొదలుపెడతారు.

మన ప్రాంతంలో రుమాటిక్ జ్వరం వల్ల కవాటాలు దెబ్బతిన్నవారు ఇంకా ఉన్నారు. మీ అమ్మానాన్నలకి కృత్రిమ కవాటం గానీ, పేస్‌మేకర్ గానీ, ఇదివరకు కవాటం ఇన్‌ఫెక్షన్ గానీ ఉంటే ఈసారి ఫోన్‌లో ఈ ఒక్కమాట చెప్పండి: "జ్వరం వస్తే సొంతంగా యాంటీబయోటిక్ వేసుకోకండి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి, కవాటం సంగతి చెప్పండి."