రాచపుండులో పురుగుందా?

క్యాన్సర్‌కు మన పాతవాళ్లు పెట్టిన పేరు రాచపుండు. పుండు అన్నాక చీము పడుతుందని, పక్కవాళ్లకు అంటుతుందని భయం వెంటే వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో రోగి ఇంటివాళ్లు డాక్టరును అడిగేదీ అదే: "ఇది అంటుకుంటదా సారూ?" అంటుకోదు. ఆ ఒక్క మాట వెనక మాత్రం నూట ముప్పై ఏళ్ల తికమక ఉంది.

1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ, మెడలో గడ్డ ఉన్న ఒక రోగికి కావాలనే స్ట్రెప్టోకాకస్ క్రిములను ఎక్కించాడు. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది, గడ్డ కరిగింది. తర్వాత చంపిన క్రిములతో మందు తయారుచేసి వాడాడు. అది ఒకరికి పనిచేస్తే మరొకరికి పనిచేయలేదు. రేడియం, ఎక్స్‌రేలు వచ్చాక దాన్ని పట్టించుకున్నవాళ్లు తగ్గారు. మరోపక్క 'క్యాన్సర్ క్రిమి' కోసం వేట సాగింది. ఎలుకల కడుపులో పురుగే క్యాన్సర్ తెస్తుందన్నందుకు 1926 నోబెల్ బహుమతి ఫిబిగర్ అనే శాస్త్రవేత్తకు దక్కింది. ఆ సిద్ధాంతం తప్పని తర్వాత తేలింది. అలా పరువు పోయాక చాలాకాలం క్రిమి మాటెత్తడానికే శాస్త్రవేత్తలు జంకారు.

ఈ కథలోకి మనవాడు పక్క తోవన వచ్చాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి నుంచి తాను బయటపడి అమెరికా వెళ్లాడు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని వెలికితీయడానికి ఆయన బృందానికి కొలబద్ద ఒక క్రిమే. లాక్టోబాసిల్లస్ కేసియై అనే బ్యాక్టీరియా బాగా పెరిగితే ద్రవంలో ఆ పదార్థం ఉన్నట్టు, పెరగకపోతే లేనట్టు. క్రిమికి కావలసిన ఆ తిండే పిల్లల రక్త క్యాన్సర్ కణాలకూ కావాలి. అందుకే ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీ పదార్థాలు అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది. అదే ఏడు లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. గడ్డను అణిచే మందూ, క్రిమిని చంపే మందూ ఒకే కప్పు కింద పుట్టినా, రెంటినీ కలిపి ఆలోచించాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ కనిపించలేదు. విచిత్రమేమంటే, అమినోప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఒంట్లో మోతాదు మించి నిలిచిపోతే ఇప్పుడు వాడే విరుగుడు, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా నుంచి దొరికిన ఎంజైమే.

క్రిమికి పోయిన పరువు ఆస్ట్రేలియాలో తిరిగొచ్చింది. 1982లో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు మనుషుల కడుపులో హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియాను పట్టుకున్నారు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాకెక్కించింది. మన దేశంలో ఈ క్రిమి చాలామంది కడుపుల్లో ఉంటుంది. కడుపు క్యాన్సర్ మాత్రం ఆ లెక్కన రాదు. క్రిమి ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనుకోకూడదు.

అసలు కలకలం 2011 తర్వాతది. పళ్ల చిగుళ్లలో ఉండే ఫ్యూసోబాక్టీరియం పెద్దపేగు గడ్డల్లో దొరికింది. గడ్డ కాలేయానికి పాకినప్పుడు అదీ వెంట వెళ్తుందని 2017లో చూపారు. ఆ గడ్డలు పెట్టిన ఎలుకలకు మెట్రోనిడజోల్ ఇస్తే పెరుగుదల నెమ్మదించింది. అదే ఏడాది మరో పరిశోధన క్లోమగ్రంథి గడ్డలు 113 చూస్తే 86లో బ్యాక్టీరియా కనిపించింది. వాటిలో కొన్ని జాతులు జెమ్‌సైటాబిన్ మందును విరిచి పనికిరాకుండా చేయగలవు. రోగికి ఎక్కించిన మందు గడ్డలో కాపురమున్నవాడి పాలవుతోందన్నమాట! 2020లో ఏడు రకాల గడ్డలు, 1,526 నమూనాలు పరీక్షిస్తే అన్ని రకాల్లోనూ బ్యాక్టీరియా ఆనవాళ్లు దొరికాయి.

ఉత్సాహం మితిమీరింది కూడా. రక్తంలోని క్రిమి జన్యువులతో క్యాన్సర్‌ను గుర్తించవచ్చన్న ఒక ప్రసిద్ధ పత్రం లెక్కల్లో తప్పులు బయటపడి 2024లో వెనక్కి పోయింది. గడ్డలో క్రిములు బహు తక్కువ. ప్రయోగశాల రసాయనాల్లోని క్రిమి కూడా గడ్డలోదిగా కనిపించగలదు. నాకు ఫ్యూసోబాక్టీరియం ఆధారాలు గట్టిగా తోస్తాయి. మిగతావాటి విషయంలో తొందర వద్దు.

క్రిమితోనే గడ్డను కరిగించాలన్న కోలీ ఆలోచన మాత్రం పూర్తిగా చావలేదు. మన పసిపిల్లలకు వేసే క్షయ టీకా బీసీజీని 1976 నుంచి మూత్రాశయ క్యాన్సర్‌కు వాడుతున్నారు. ఇంకోవైపు, ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే ఇమ్యూనోథెరపీ మొదలయ్యే రోజుల్లో యాంటీబయాటిక్స్ వాడినవారికి ఫలితం తగ్గినట్టు 2018 నుంచి పత్రాలు వస్తున్నాయి. గడ్డలోని క్రిమిని చంపుదామని వేసే గోలీ, పేగుల్లో మేలు చేసే క్రిములనూ చంపుతుంది మరి.

మన ఊళ్ల సంగతికొస్తే, మహబూబాబాద్‌కు 2022లో, జనగామకు, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా గడ్డ అని తేలినవారిలో చాలామంది హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా పోవలసిందే. మహబూబాబాద్ నుంచైతే రైలు, భూపాలపల్లి నుంచైతే పరకాల మీదుగా బస్సు. అక్కడిదాకా చేరేలోపే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన సూదులు, మందుల షాపులో కొన్న గోలీలు చాలానే ఒంట్లో పడి ఉంటాయి. పోయిన రెండు నెలల్లో ఏమేం వాడారని ఓపీలో డాక్టరు అడుగుతారు. రోగి కొడుకు సంచి వెతుకుతాడు. చీటీ ఉండదు, సగం చింపిన గోలీల పట్టీ ఉంటుంది, దాని మీది పేరు చిరుగులో పోయి ఉంటుంది.